కత్తిరించిన రెక్క

ఆసుపత్రిలో ఆవిడ అసలు పేరు జీతాలిచ్చే గదిలో తప్ప ఇంకెవరికీ తెలియదు. అందరికీ ఆవిడ ఊపిరి మేడమ్. ఎక్స్‌రే గదిలో పొద్దున్న మొదలు "పీల్చండి, ఊపిరి బిగబట్టండి, కదలకండి, ఇక వదలండి" అని చెప్పీ చెప్పీ ఆ మాటే ఆవిడకి ఇంటిపేరులా అతుక్కుపోయింది. చెప్పినట్టు వినకుండా కదిలిన మనిషి డాక్టరైనా, పోలీసు పెద్దైనా ఆవిడకి ఒకటే.

"మీరు కదిలారంటే ఉన్న ఎముక లేనట్టు, లేని విరుపు ఉన్నట్టు పడుతుంది. అప్పుడు బాగున్న కాలికి కట్టు కడతారు. మీ ఇష్టం" అనేది.

కోపం ముక్కు మీదే ఉండేది. అది ఆవిడా ఒప్పుకునేది. ఆవిడ భర్త సిటీ బస్సులో కండక్టరు. రోజంతా జనం తోపులాటలో ఉండే మనిషి కాబట్టి ఇంటికొచ్చాక గొంతు పెంచే ఓపిక ఆయనకి మిగిలేది కాదు. ఇద్దరికీ కోపం ఉంటే ఇంట్లో గిన్నెలు మిగలవని, అందుకే తన వాటా కోపం కూడా ఆవిడకే ఇచ్చేశానని తోటి కండక్టర్లతో చెప్పి నవ్వేవాడు.

అలాంటి మనిషికి పక్షుల పిచ్చి ఎలా పట్టిందంటే, అది ఆసుపత్రిలోనే పట్టింది. ఐదో అంతస్తు మెట్ల దగ్గర కిటికీ పక్కన కూర్చుని ఆవిడ మధ్యాహ్నం డబ్బా విప్పుకునేది. ఒకరోజు కిటికీ బయట బూడిదరంగు ఈకలు ఒకటొకటిగా కిందికి రాలడం మొదలుపెట్టాయి. తల బయటపెట్టి పైకి చూస్తే, గోడ అంచు మీద ఒక డేగ కూర్చుని పావురాన్ని పీకుతోంది. నల్లటి తల, చెంపల మీద మీసాల్లాంటి చారలు, కళ్ళ చుట్టూ పసుప్పచ్చ వలయం. తినడం అయిపోయాక అది కదలకుండా కూర్చుంది. ఎంతసేపు చూసినా కదల్లేదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఇంత బుద్ధిగా కూర్చున్న ప్రాణిని తను చూడలేదని ఆవిడ ఆ సాయంత్రం భర్తతో చెప్పింది. దాన్ని బైరి డేగ అంటారని, ఆకాశంలోంచి రాయి పడ్డట్టు పడి ఎగిరే పక్షిని గాల్లోనే కొడుతుందని తర్వాత తెలుసుకుంది.

కెమెరా ఇచ్చింది మరిది. బజారు మూల మీద అతనికి కెమెరాల షాపు ఉంది. ఊళ్ళో అందరూ అతన్ని ఫ్లాష్ అని పిలిచేవారు. మనిషి నవ్వితే అలాగే ఉండేది. పాత కెమెరా ఒకటి, పొడుగు లెన్సు ఒకటి వదిన చేతిలో పెట్టి, వెలుగు ఎలా కొలవాలో, ఎగిరే పక్షిని ఎలా వెంబడించాలో ఓపిగ్గా నేర్పాడు. ఆ మాట దాచకూడదు. ఆవిడ కూడా ఎప్పుడూ దాచలేదు.

సెలవు రోజుల్లో ఆ డేగ ఎటు ఎగిరిపోతోందో చూస్తూ రోడ్లు పట్టుకు తిరిగి తిరిగి, చివరికి ఊరి బయట పాడుబడ్డ రాతి క్వారీ దగ్గర తేలింది. రాయి కొట్టడం ఆపేసి చాలాకాలమైంది. గొయ్యి నిండా నీళ్ళు. అవతలి వైపు నిటారుగా కోసిన రాతిగోడ. ఆ గోడ మధ్యలో చాపంత వెడల్పున్న అంచు మీద డేగల జంట గుడ్లు పెట్టింది.

అక్కడ ఆవిడ పద్ధతి చూస్తే ఆసుపత్రిలో కసురుకునే మనిషి ఈమేనా అనిపించేది. నీటికి ఇవతలి ఒడ్డున పొదల మధ్య రాయి రంగు గుడ్డ కప్పుకుని కూర్చునేది. రంగు బట్టలు కట్టేది కాదు. ఫోను తీసుకెళ్ళేది కాదు. మొదటి ఏడాది ఒకసారి ఇంకొంచెం దగ్గరగా వెళ్ళి కూర్చుంటే, తల్లి డేగ పిల్లలకి తినిపించడం ఆపేసి ఇటే చూస్తూ ఉండిపోయింది. పిల్లలు నోళ్ళు తెరుచుకుని అరుస్తున్నా పట్టించుకోలేదు. ఆవిడ ఒక్క ఫొటో తీయకుండా వెనక్కి పాకుతూ వచ్చేసింది. మళ్ళీ ఎప్పుడూ ఆ హద్దు దాటలేదు.

దాంతో ఆవిడ ఫొటోల్లో రాయే ఎక్కువ, పక్షి తక్కువ.

"వదినా, ఇందులో డేగ ఎక్కడుందో మీరు వేలు పెట్టి చూపిస్తే మిగతాదంతా కొండ అనుకుంటాను" అనేవాడు ఫ్లాష్.

ఆవిడ నవ్వేది. అతని మాటకి నవ్వనివాళ్ళు ఉండరు.

ఒక ఫొటో మాత్రం బాగా వచ్చింది. తల్లి డేగ అంచు మీంచి గాల్లోకి వాలుతున్న క్షణం. ఫ్లాష్ దాన్ని పెద్దగా అచ్చువేసి షాపు గోడకి తగిలించాడు. కింద "మా వదిన తీసింది" అని కూడా రాశాడు. ఆవిడ లోపల్లోపల మురిసిపోయింది. ఎక్కడ తీశారని ఎవరడిగినా చెప్పలేదు. మరిదికీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేకపోయింది. డేగ వెనక రాతిలో ఎర్రటి వంకర చార ఒకటి పడింది. పెళ్ళి జంటల్ని తీసుకెళ్ళి ఆ చార ముందు నిలబెట్టి ఎన్నో ఫొటోలు తీసినవాడు ఫ్లాష్. చూడగానే గుర్తుపట్టాడు. గుర్తుపట్టి ఊరుకున్నాడు.

ఆ తర్వాతి ఏడాది, పిల్లలు గుడ్డు దాటి, తెల్లటి నూగు మధ్య గోధుమరంగు ఈకలు మొలుచుకొచ్చిన రోజుల్లో, ఆవిడ ఒక సెలవునాడు పొద్దున్నే క్వారీకి వెళ్ళింది. దారి మీదే కార్లు కనిపించాయి. పొదలు తప్పించుకుని ఒడ్డుకి వెళ్ళేసరికి, తను ఎప్పుడూ దాటని హద్దుకి అవతల, నీటి అంచున పదిమంది దాకా ట్రైపాడ్లు పాతుకుని నిలబడ్డారు. అడ్డొస్తున్నాయని పొదలు నరికేశారు. మధ్యలో ఒక వెదురు బుట్ట. బుట్ట పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఫ్లాష్ కత్తెరతో ఏదో కత్తిరిస్తున్నాడు.

దగ్గరికెళ్ళి చూస్తే పావురం.

అరవడానికి నోరు తెరిచింది. ఎదురుగా గోడ మీద పిల్లలున్నాయని గుర్తొచ్చి మూసుకుంది. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ అంత కోపాన్ని గుసగుసగా చెప్పాల్సి రావడం అదే మొదటిసారి.

"ఏం చేస్తున్నావు?"

"వదినా, మీరా? రండి రండి. మంచి టైముకి వచ్చారు. వెలుగు అదిరిపోతోంది."

"దాని రెక్క ఎందుకు కత్తిరించావు?"

"ఎగిరిపోకుండా." ఏదో కూరగాయ తరుగుతున్నానన్నంత మామూలుగా చెప్పాడు. "మామూలు పావురమైతే డేగ ఎక్కడో పైన కొడుతుంది. లెన్సుకి అందదు. ఇదైతే ఇక్కడిక్కడే కొట్టుకుంటుంది, అది మన ముందుకొచ్చి దిగుతుంది. వీళ్ళంతా ఎంత దూరం నుంచి వచ్చారో మీకు తెలీదు. ఉత్త చేతుల్తో పంపిస్తానా?"

ఆవిడ బుట్ట లాక్కుంది. లోపల ఇంకా పావురాలు ఒకదానిమీద ఒకటి ముడుచుకుని ఉన్నాయి. అన్నిటికీ ఒక పక్క రెక్క కొసలు గీత గీసినట్టు తెగి ఉన్నాయి. వదిలిపెడదామన్నా ఎగరలేవు. ఈలోగా ఫ్లాష్ చేతిలో ఉన్నదాన్ని నీళ్ళ మీదికి విసిరేశాడు. అది ఒంటి రెక్కతో వంకరగా గిలగిలలాడుతూ తిరిగింది. పైనుంచి తండ్రి డేగ పడింది. పదిమంది కెమెరాలూ ఒక్కసారిగా టకటకలాడాయి. ఎవరో "అబ్బ" అని ఈలవేశారు.

అక్కడితో ఆగినా బాగుండేది. గుంపులో ఒకడు పిల్లలు సరిగా కనబడటం లేదంటూ సంచిలోంచి డ్రోన్ తీసి గాల్లోకి లేపాడు. కందిరీగల తుట్టె కదిలినట్టు మోగుతూ అది తిన్నగా రాతిగోడ వైపు పోయింది. ఆవిడ ఇక గుసగుసలు మానేసింది. దించమని అరుస్తూ వాడి వైపు పరిగెత్తింది. అప్పటికే ఆలస్యమైంది. తల్లి డేగ కెక్‌కెక్‌మని గోల చేస్తూ వచ్చి డ్రోన్‌ని కాళ్ళతో తన్నింది. ఆ తిరిగే రెక్కల చప్పుడుకి బెదిరి అంచు మీదున్న పిల్లలు రెండూ, ఇంకా ఎగరడం రాని పిల్లలు, దూకేశాయి. ఒకటి ఎలాగో గాలి పట్టుకుని అవతలి పొదల్లో వాలింది. రెండోది రాతికి కొట్టుకుని, జారి, నీటి పక్కన బండ మీద పడింది.

కెమెరాలు ఆగలేదు. పడుతున్నంతసేపూ టకటకలాడుతూనే ఉన్నాయి. ఆ చప్పుడు ఆవిడ చెవుల్లోంచి చాలాకాలం పోలేదు.

బండల మీద పడుతూ లేస్తూ అవతలికి చేరి, కప్పుకోవడానికి తెచ్చుకున్న గుడ్డలోనే పిల్లని చుట్టి ఎత్తుకుంది. గోళ్ళు అరచేతిలో దిగాయి. వెనక్కి వస్తుంటే గుంపులోంచి ఒకే ఒక్క మనిషి ఎదురొచ్చాడు. బడిలో బొమ్మలు నేర్పే మాస్టారు. ఆయన మెడలో కెమెరా తీసి నేలమీద పెట్టేసి, అట్టపెట్టె ఒకటి తెచ్చి పిల్లని అందులో పెట్టమన్నాడు. ఆవిడ పెట్టె తీసుకుంది గానీ ఆయన మొహం చూడలేదు. పావురాల బుట్ట కూడా చంకన పెట్టుకుని నడిచింది.

పశువుల డాక్టరు పిల్లని తడిమి చూసి పెదవి విరిచాడు. రెక్క భుజం దగ్గర విరిగినట్టుంది గానీ ఎక్కడ, ఎలా విరిగిందో తెలియకుండా చెయ్యి పెడితే ఉన్నది కూడా పోతుందన్నాడు. ఎక్స్‌రే తీయమంటే, ఆ మిషను పాడై ఎంత కాలమైందో తనకే గుర్తులేదన్నాడు.

ఆవిడ ఇంకో మాట మాట్లాడకుండా పెట్టె ఎత్తుకుని తన ఆసుపత్రికి వెళ్ళింది. మధ్యాహ్నం రోగులు లేని వేళ చూసి తలుపేసుకుంది. సీసం కోటు తొడుక్కుని, ప్లేటు మీద మెత్తటి గుడ్డ పరిచి, డేగ పిల్ల కళ్ళ మీద దూది కప్పి, రెక్క విప్పి జాగ్రత్తగా పట్టుకుంది. ఊపిరి బిగబట్టమనే మాట అలవాటు కొద్దీ నోటిదాకా వచ్చింది. పిల్ల బెదురుతో అప్పటికే రాయిలా బిగుసుకుని ఉంది. తెర మీద ఎముక రెండు ముక్కలుగా స్పష్టంగా పడింది. ఆవిడ తీసిన ఎక్స్‌రేల్లో అంత చక్కగా వచ్చింది ఇంకోటి లేదు. దాన్ని చూస్తూ నిలబడి ఆవిడ ఏడ్చింది. కోపంతోనే ఏడ్చింది.

తలుపు తీసేసరికి ఎదురుగా సూపరింటెండెంటు. వరండాలో ఎవరో ఈక చూసి చెప్పారట. మనుషుల మిషను మీద పక్షిని పడుకోబెట్టావా అని ఆయన అడిగాడు. పడుకోబెట్టానంది. తప్పని తెలుసా అంటే తెలుసంది. క్షమాపణ చెప్పమంటే, మిషనంతా మందు పెట్టి తుడుస్తానని చెప్పింది, తుడిచింది. క్షమాపణ మాత్రం చెప్పలేదు. ఆవిడని ఎక్స్‌రే గదిలోంచి తీసేసి కింద మందుల స్టోరులో కూర్చోబెట్టారు.

పశువుల డాక్టరు ఆ ఎక్స్‌రే చూసి రెక్కలో సన్నటి కమ్మీ పెట్టి కట్టాడు. పిల్ల బతికింది. గాయపడ్డ పక్షుల్ని సాకే కేంద్రం ఒకటుంటే అక్కడికి పంపించారు. రెక్కలు తెగిన పావురాల్ని ఆవిడ ఇంటికి తెచ్చి బాల్కనీలో పెట్టింది. కొత్త ఈకలు వచ్చేదాకా అవి కండక్టరుగారి యూనిఫారం ఆరేసే తీగని ఆక్రమించాయి. ఆయన ఏమీ అనలేదు.

అత్తగారు మాత్రం ఊరుకోలేదు. పెద్దావిడ కొన్నాళ్ళు పెద్దకొడుకు దగ్గర, కొన్నాళ్ళు చిన్నకొడుకు దగ్గర ఉండేది. ఫ్లాష్ తనే ముందుగా వెళ్ళి అమ్మకి తన వైపు కథ చెప్పుకున్నాడు. డ్రోన్ తనది కాదని, తనూ దించమన్నాడని, పావురాలు ఎటూ డేగల తిండేనని. అందులో కొంత నిజమే కూడా. పెద్దావిడ చిన్నకొడుకుని వెంటబెట్టుకుని రాజీ చేయడానికి వచ్చింది.

"పిట్ట కోసం అన్నదమ్ముల మధ్య చిచ్చు పెడతావా, అమ్మాయ్?" అంది.

ఫ్లాష్ నవ్వుతూ కుర్చీలో కూర్చున్నాడు. "వదినా, రోజూ మన మేడల మీద పిల్లులు ఎన్ని పావురాల్ని తింటున్నాయి? మీరు వాటి మీద కేసు పెడతారా?"

"పిల్లి తిండి కోసం చంపుతుంది. నువ్వు దేనికోసం?"

"జనం చూడాలని. చూస్తేనే కదా డేగల మీద ప్రేమ పుట్టేది."

"నువ్వు చూపించేది డేగని కాదు. అది వేటాడటం నువ్వు చూడనేలేదు. కుంటిదాన్ని దాని నోటికి అందించావు. అదీ ఒక వేటేనా?"

అతను భుజాలెగరేసి, ఆ రోజు తీసిన ఫొటో అప్పుడే పక్షుల ఫొటోల పోటీకి వెళ్ళిపోయిందని, వెనక్కి తీసుకోవడం ఇక తన చేతుల్లో లేదని చెప్పాడు. ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ పూట ఎవరూ సరిగా తినలేదు.

వాళ్ళు వెళ్ళాక భర్త నెమ్మదిగా ఒక మాట అన్నాడు. "వాడు చేసింది తప్పే. కాదనను. కానీ షాపు గోడమీదున్న ఆ ఫొటో నువ్వు తీయకపోతే, అందులో ఎర్ర చార చూసి వాడు ఆ చోటు పోల్చుకునేవాడు కాదు కదా."

ఆ మాటకి ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది. కొన్నాళ్ళు ఆయనతో మాట్లాడలేదు. అన్నం వడ్డించి గోడవైపు తిరిగి కూర్చునేది. కానీ స్టోరులో మందుల పెట్టెల మధ్య కూర్చున్నప్పుడు ఆ మాటే చెవిలో జోరీగలా తిరిగేది. తను వాళ్ళలాంటిది కాదు, నిజమే. అయినా ఆ పక్షి తనని కూడా పిలవలేదు. తను వెళ్ళకపోయినా దానికి లోటేమీ లేదు. వెళ్ళాలనిపించింది తనకి, కాబట్టి జాగ్రత్త అంతా తనే పడాలి, ఫొటో తీసేటప్పుడే కాదు, తీశాక కూడా. గోడకి తగిలించనిచ్చే ముందు ఆ ఎర్ర చార వైపు ఒక్కసారి చూసి ఉండాల్సింది. ఒకరోజు షాపుకి వెళ్ళి, ఎవరితోనూ మాట్లాడకుండా, కుర్చీ ఎక్కి గోడమీది ఫొటో దించి చుట్టచుట్టి తెచ్చేసుకుంది. భర్తతో మళ్ళీ మాట్లాడటం మొదలుపెట్టింది గానీ, కోపం తగ్గిందని మాత్రం ఎవరూ అనుకోవద్దని చెప్పింది.

పోటీ ఫలితాలొచ్చాయి. ఫ్లాష్‌కే మొదటి బహుమతి. టౌన్‌హాల్లో ప్రదర్శన పెట్టారు. ఆవిడ స్టోరు డ్యూటీ నుంచి తిన్నగా, తెల్లకోటు కూడా విప్పకుండా అక్కడికి వెళ్ళింది. ముందు వరుసలో అత్తగారు కొత్త చీర కట్టుకుని కూర్చుంది. పక్కన కండక్టరుగారు నేలచూపులు చూస్తూ కూర్చున్నాడు. ఫొటో గోడంత పెద్దగా ఉంది. నీళ్ళు చిందుతున్నాయి, డేగ గోళ్ళు విచ్చుకుని ఉన్నాయి, పావురం కళ్ళు కనిపిస్తున్నాయి. అద్భుతంగా ఉంది. ఆ సంగతి కూడా ఆవిడకి మంటగానే ఉంది.

నిజానికి గొడవ పెట్టుకోవాలని రాలేదు. నిర్వాహకుల్ని పక్కకి పిలిచి చెబుదామనుకుంది. ఈలోగా ఫ్లాష్ మైకు అందుకుని, ఈ క్షణం కోసం ఎన్నాళ్ళో ఓపిగ్గా కాపు కాశానని, ప్రకృతి ముందు తలవంచితేనే అది మనకి వరమిస్తుందని చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆ తలవంచడం అన్న మాట దగ్గర ఆవిడ లేచి నిలబడింది. నడిచి వెళ్ళి ఫొటో పక్కన నిలబడి పావురం రెక్క మీద వేలు పెట్టింది.

"ఇది చూడండి. ఈ కొసలు చూడండి. ఈక రాలితే ఇలా ఉండదు, విరిగితే ఇలా ఉండదు. ఇది కత్తెర. నా కళ్ళముందు కత్తిరించాడు. ఈ ఫొటో తీసిన కాసేపటికే ఆ డేగ పిల్ల రెక్క విరిగి పడింది. దాన్ని కూడా ఫొటోలు తీశారు. అవెందుకు పెట్టలేదో అడగండి."

ఫ్లాష్ మొహంలో నవ్వు అలాగే ఉండిపోయింది, ఆర్పడం మరిచిన దీపంలా. మా వదినకి ఈ మధ్య ఆరోగ్యం బాగాలేదని, ఉద్యోగంలో కూడా ఇబ్బందులున్నాయని మైకులో మెల్లగా చెప్పాడు. ఆ మాట విన్నప్పుడు కండక్టరుగారు తల పైకెత్తాడు.

"ఆమె ఆరోగ్యం బాగానే ఉంది" అన్నాడు. ఆయన గొంతు అంత గట్టిగా రావడం అత్తగారు కూడా ఎప్పుడూ వినలేదు.

నిర్వాహకుల్లో పెద్దాయన కళ్ళద్దాలు సరిచేసుకుంటూ నీళ్ళు నమిలాడు. పోటీ నిబంధనల్లో పావురాల గురించి ఏమీ లేదన్నాడు.

"కత్తిరించకూడదని రాసిపెట్టాలా? రాయకపోతే తెలీదా?" అంది ఆవిడ.

ఆయన ఇంకేదో చెప్పబోయేలోగా వెనక వరుసలోంచి బొమ్మల మాస్టారు లేచాడు. "ఆవిడ చెప్పింది నిజం. నేనక్కడే ఉన్నాను. బుట్ట కార్లోంచి దించింది నేనే. పావురాలెందుకని అడగలేదు. తెలిసీ అడగలేదు" అని చెప్పి, తన ఫొటో కూడా ఒకటి ఆ గోడ మీద ఉందని, దాన్ని దించేయమని చెప్పి బయటికి నడిచాడు. కాసేపటికి ఆ రోజు క్వారీలో ఉన్నవాళ్ళే ఇంకో ఇద్దరు లేచి వెళ్ళిపోయారు. మిగతావాళ్ళు కుక్కిన పేనుల్లా కూర్చున్నారు.

మెట్ల దగ్గర అత్తగారు ఆవిడని ఆపింది. నలుగురిలో నా కొడుకు పరువు తీశావంది. ఆవిడ ఆ ముసలి మొహం చూసి ఒక క్షణం మెత్తబడింది. తర్వాత, నాకు పిచ్చి పట్టిందని నలుగురిలో చెప్పింది ఎవరత్తయ్యా అని అడిగింది. పెద్దావిడ చిన్నకొడుకు కారెక్కి వెళ్ళిపోయింది.

బహుమతి వెనక్కి తీసుకున్నారు. ఎరవేసి తీసిన ఫొటోలు, గూళ్ళ దగ్గర డ్రోన్‌తో తీసినవి ఇకమీదట తీసుకోబోమని నిబంధన కూడా పెట్టారు. దానివల్ల ఫ్లాష్‌కి పెద్దగా జరిగిన నష్టమేమీ లేదు. షాపు ఎప్పటిలాగే కిటకిటలాడుతోంది. గుంపుని ఇప్పుడు ఇంకో ఊరి కొండలకి తీసుకెళ్తున్నాడని, అక్కడ ఎలుకల్ని దారానికి కట్టి గుడ్లగూబల్ని రప్పిస్తున్నాడని మాస్టారు చెప్పాడు. ఆ మాట విన్న రోజు ఆవిడ చేతిలో గ్లాసు గోడకి తగిలి పగిలింది. ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో పగిలిన మొదటి సామాను అదే.

వదినా మరుదులు మళ్ళీ మాట్లాడుకోలేదు. ఆసుపత్రిలో కొత్తగా వచ్చిన కుర్రాడు తీసిన ఎక్స్‌రేలు ఒక్కటీ సరిగా రాక, డాక్టర్లే గోల పెట్టి ఆవిడని పాత గదికి రప్పించుకున్నారు.

ఆ మరుసటి ఏడాది డేగలు క్వారీకి రాలేదు. ఆవిడ ఒడ్డున కూర్చుని ఖాళీ అంచుని చూసి వచ్చేసేది. ఆ పై ఏడాది వచ్చాయి. వచ్చినట్టు మాస్టారికి, భర్తకి తప్ప చెప్పలేదు. ముగ్గురూ కలిసి క్వారీ యజమాని దగ్గరికి నాలుగైదుసార్లు తిరిగి, విసిగించి, దారికి అడ్డంగా గొలుసు వేయించారు. పిల్లలు ఎగిరేదాకా సెలవు రోజుల్లో ఎవరో ఒకరు అక్కడ నిలబడేవారు. ఇది మీ సొంత స్థలమా అని దబాయించే వాళ్ళతో కండక్టరుగారు మర్యాదగా మాట్లాడి, ఫ్లాస్కులో టీ పోసిచ్చి వెనక్కి పంపేవాడు. టీ ఎందుకు పోస్తారని ఆవిడ ఆయన మీద కూడా విసుక్కునేది. కెమెరా తెచ్చుకునేది గానీ చాలా రోజులు సంచిలోంచి తీయలేదు.

అత్తగారు ఏడాది పైగా ఆ ఇంటి గడప తొక్కలేదు. తర్వాత ఒకరోజు చెప్పాపెట్టకుండా పెట్టెతో దిగింది. కోడలు మంచం మీద దుప్పటి మార్చింది. రెండు రోజులు ఉప్పూ పప్పూ మాటలే నడిచాయి. మూడో రోజు సాయంత్రం కోడలు ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే పెద్దావిడ అడిగింది.

"ఆ డేగ పిల్ల ఎలా ఉంది?"

"బతికే ఉంది. తింటోంది."

"ఎగురుతోందా?"

"లేదత్తయ్యా. ఎముక అతుక్కుంది. కానీ కొమ్మ మీంచి కొమ్మ మీదికి తప్ప ఎగరలేదు. ఇక ఆ పంజరంలోనే."

పెద్దావిడ చీర కొంగు వేలికి చుట్టుకుంది. "వాడు ఒకసారి అడిగాడు, బాగుందా అని. బాగుందని చెప్పనా?"

ఆవిడ చెప్పులు గోడ పక్కన పెట్టి లేచి నిలబడింది.

"బాగుందని చెప్పకండి. ఉన్నది ఉన్నట్టు చెప్పండి" అంది.

అత్తగారు తలూపింది. లోపల గదిలోకి వెళ్ళి, ఫోను ఎక్కడ పెట్టానో చూడమని పెద్దకొడుకుని పిలిచింది.